కట్టకోత, కడలికోత

(కులసంఘ వార్షిక మహాసభయందు రెండవనాటి ఉదయమున చదివిన యుపన్యాసము)

   

నిన్నటి సభలో పెద్దలు విద్యను గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు చక్కగా ముచ్చటించిరి. మాకు కార్యనిర్వాహకులు నియమించిన విషయము వానివలె వీనులకు విందైనది కాదు. సముద్రపుకోతను గూర్చియు, అది సంభవించినపుడు ప్రభుత్వములు చేయు అత్యవసర సహాయమును గూర్చియు మాటలాడుమని కాగితముపై వ్రాసి పంపిరి. అది చదివి మేము మొదట నవ్వుకొంటిమి. కామారెడ్డి యెక్కడ, ఎల్లారెడ్డి యెక్కడ, సముద్ర మెక్కడ! మనలో కడలిని కన్నులార చూచినవారిని లెక్కించుటకు రెండుచేతుల వ్రేళ్లు చాలును. కాని రెండుదినము లాలోచించిన పిమ్మట నవ్వు నిలిచిపోయినది. నీరు మన్నును తినుట యెక్కడనైనను ఒక్కటియే. ఉప్పునీరు తినినచో సముద్రపుకోత యందురు. వాగునీరు తినినచో కట్టకోత, గట్టుకోత యందురు. పైగా 2025వ సంవత్సరము వినాయకచవితినాడు సముద్రమే మనయొద్దకు నడచివచ్చినది గదా.

ఆ చవితి ఆగస్టు 27వ తేదీ, బుధవారము. మీలో దాని ననుభవింపనివారు లేరు గనుక వర్ణింపబోము. ముందు ప్రసంగమునకు వలసినంత మాత్రము జ్ఞప్తికి తెచ్చెదము. మన జిల్లాలో ఏడాది పొడవునను పడు వాన సుమారు 100 సెంటీమీటర్లు. రాజంపేట మండలమందలి అర్గొండలో ఆ యొక్క పగలు, ఒక్క రాత్రిలోనే 40 సెంటీమీటర్లకు మించి కురిసినది. అనగా ఐదుమాసములలో క్రమముగా దిగవలసిన నీటిలో రమారమి ఐదింట రెండుపాళ్లు ఒక్కదినమున మీద పడినది. భిక్నూరు, తలమడ్లల నడుమ రైలుపట్టాల క్రింది కంకరయు మన్నును కొట్టుకొనిపోయి, పట్టాలు ఊయలతాళ్లవలె గాలిలో వ్రేలాడినవి. 44వ నంబరు జాతీయరహదారిపై బండ్లు క్రోసులకొలది నిలిచిపోయినవి. కామారెడ్డి పట్టణమున జి.ఆర్. కాలనీలో కార్లు కాగితపుపడవలవలె తేలిపోయినవి. జనులను పడవలపై దాటింపవలసివచ్చెను. ఎల్లారెడ్డి ప్రాంతమున బొగ్గుగుడిసెకడ వాగునడుమ చిక్కుకొన్న తొమ్మండుగురు కూలీలను రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన దళమువారు గట్టునకు చేర్చిరి. ఆ దళమువారికి ఈ వేదికనుండి నమస్కరించుట మాకు మొదటి ధర్మము. ఫిర్యాదులు చెప్పుటకు ముందు చేసిన మేలు చెప్పవలయును.

పోచారము సంగతి వేరుగా చెప్పవలెను. ఆలేరు వాగుపై నిజాముప్రభువు మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున కట్టనారంభించి 1922లో ముగించిన యానకట్ట యది. సెకనుకు 70,000 ఘనపుటడుగుల నీరు పోవుటకు దానిని రూపొందించిరి. ఆగస్టు 28న దానిమీదుగా పోయిన వరద సుమారు లక్షా యెనుబదివేల క్యూసెక్కులని లెక్క తేలినది. కట్టప్రక్కన మన్ను కోసికొనిపోయి పెద్దగొయ్యి పడినది. దిగువ గ్రామములవారిని ఎత్తుప్రదేశములకు తరలించిరి. ఆనాడు ఎల్లారెడ్డి, మెదకు ప్రాంతములవారెవరును కంటికి కునుకు వేసియుండరు. కాని రాతికట్ట నిలిచినది. ఇది చూచి మనవారు కొందఱు "పాతవి నిలుచును, క్రొత్తవి పోవును" అని సామెతవలె చెప్పుకొనుచున్నారు. మేమట్లనము. కూలిపోయిన పాతకట్టలను లెక్కించువారు లేరు గనుక నిలిచినదే మన కగుపడుచున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదును ముంచినపుడు, తరువాత విచారించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఆ నదీపరివాహకమున 788 చెరువు లుండగా 221 తెగినవని కనుగొనిరి. అవన్నియు పాతచెరువులే. పోచారము నిలుచుటకు కారణము దాని వయస్సు కాదు. దాని రాయి, దాని సున్నము, అది పునాది వేసికొన్న బండ. మనయూళ్ల మట్టికట్టల కీ మూడింటిలో ఒక్కటియు లేదు.

మట్టికట్ట యెట్లు చచ్చునో చెరువు నమ్ముకొని బ్రతికిన మనకు తెలిసినట్లు మఱియెవ్వరికిని తెలియదు. ఐనను ఈ సంచిక మన పోషకులైన పట్టణవాసుల చేతులలోనికిని పోవును గనుక రెండుమాటలు చెప్పెదము. నీరు కట్టనెక్కి పొర్లినచో వెనుకవైపు మన్నును పైనుండి క్రిందికి చెక్కుకొనుచుపోవును, గడియలో గండి. ఇది అందఱకును కనబడు చావు. రెండవది కనబడనిది. ఎలుకబొక్క వెంటనో, కుళ్లిన వేరు వెంటనో, పాతతూము ప్రక్కనో నీరు సన్నని దారి చేసికొని లోలోపల మన్నును మోసికొనిపోవును. మాకు చిన్ననాడు మా పెద్దయ్య కట్టదిగువన నిలువబెట్టి చూపిన పాఠ మిది: "బిడ్డా, ఊట తేటగున్నంత సేపు కట్ట బతికున్నట్టే. ఎర్రగైతే మన్ను పోతున్నట్టు. అప్పుడు ఊరు లేపాలె."

ఆ చవితిరాత్రి మా యూరి ఊట ఎఱ్ఱబడినది.

మా యూరిపేరు చెప్పము. ఆ రాత్రి అట్లే గడచిన యూళ్లు పెక్కు గలవు. ఒకదాని పేరు చెప్పినచో తక్కినవి చిన్నవోవును. మత్తడి నడుమెత్తున దుంకుచుండెను. పాతతూమునకు నాలుగుబారల దూరమున ఊట మోకాలంత లావున చిమ్ముచుండగా మనవాడొకడు లాంతరుపట్టి చూచి కేకవేసెను. ఒక కార్యాలయమునకు ఫోను చేసితిమి. ఛాయాచిత్రము పంపుమనిరి. చీకటిలో వానలో తీసిన చిత్రమున నలుపుతప్ప మఱియేమియు రాలేదు, అదియే పంపితిమి. ఆ పిమ్మట ఫోను పలుకలేదు. ఆ గుమాస్తాను నిందింపము. అతనికి ఆ రాత్రి ఎన్నియూళ్లనుండి ఎన్ని నల్లని చిత్రములు వచ్చెనో!

ఇసుకబస్తాలు లేవు. ఎరువులసంచులు, బియ్యపుసంచులు ఇంటింటనుండి తెచ్చిరి. స్త్రీలు తట్టలతో ఇసుక మోసిరి. గడలు లేవు. అప్పు డెవరి నోటనో వినాయకుని మండపము మాట వచ్చెను. ఉదయముననే కొబ్బరికాయ కొట్టి నిలిపిన మండపము. క్రొత్తవెదుళ్లు, క్రొత్త టార్పాలిను. పెద్దలు నోరు మెదపలేదు. చందాలు పోగుచేసి దానిని కట్టిన పిల్లలే పరుగెత్తి, విగ్రహమును పాఠశాల వసారాలోనికి చేర్చి, గడలన్నియు విప్పి తెచ్చిరి. వారిలో మనకులమువా రెందఱో, పరకులమువా రెందఱో మేము లెక్కపెట్టలేదు. ఇది కులసభయైనను ఈ మాట చెప్పక తప్పదు.

ఊటను మూయబోయిన యువకులను ముసలివా రాపిరి. మూసినచో నీరు మఱొకచోట పొడుచుకొనివచ్చును. చుట్టును బస్తాలతో గుండ్రముగా గట్టుకట్టి, లోపల ముందు ఇసుక, దానిపై చిన్నకంకర, దానిపై పెద్దరాయి పోసినచో నీరు పోవును, మన్ను నిలుచును. తెల్లవాఱుసరికి ఊట తేటబడినది. కట్ట దక్కినది. కాని మత్తడిభుజము పదిబారల మేర కోసికొనిపోయినది. ఆ నీరు దిగువపొలములలో క్రొత్త వాగు తీసినది. మన కులస్థు డొకనికి గల ఎకరమున్నర భూమి ఇప్పుడు భూమి కాదు, వాగు. అతడు పాసుపుస్తకము పట్టుకొని వాగుగట్టున నిలుచుండుట మేము చూచితిమి.

ఇక్కడనుండి మా ప్రసంగము రూపాయలలోనికి దిగును, ఓపికతో వినుడు.

కేంద్రప్రభుత్వము 2022 నుండి 2026 వఱకు అమలుచేయుటకై విపత్తు సహాయనిధి ప్రమాణములను నిర్ణయించినది. ఈ నిధిలో మనవంటి రాష్ట్రములకు నూటికి 75 పాళ్లు కేంద్రము, 25 పాళ్లు రాష్ట్రము ఇయ్యవలయును. దాని ప్రకారము ప్రాణము పోయినచో నాలుగులక్షలు. పొలములో మూడంగుళములకు మించి ఇసుకమేట వేసినచో తీయుటకు హెక్టారుకు 18,000 రూపాయలు. అనగా ఎకరమునకు 7,300కు లోపు. ఇసుక తీయు యంత్రమునకు గంట కద్దె యెంతయో మీకు తెలియును. లెక్క మీరే చూచుకొనుడు. నది దారిమార్చి భూమి మొత్తము పోయినచో, చిన్నరైతునకు, సన్నరైతునకు హెక్టారుకు 47,000. అనగా ఎకరమునకు 19,000. పైన చెప్పిన మనవానికి ఎకరమున్నరకు ఇరువదియెనిమిదివేల చిల్లర. పాలివారితో పోరాడి నిలుపుకొన్న తాతలనాటి భూమి అది. కోత వేసిన ధర ఇది.

మనవృత్తికి వచ్చెదము. వల మొత్తము పోయినచో 4,000. కొంత చినిగినచో 3,000. పడవ పోయినచో 15,000. చేపపిల్లలను పెంచు క్షేత్రమునకు హెక్టారుకు 10,000. మత్తడి దుంకిన చెరువునుండి వెడలిపోయిన చేప మాటయేమి? అది పెంపకక్షేత్రపు చేపయా, చెరువుచేపయా? సంఘము కౌలునకు తీసికొన్న చెరువు క్షేత్రమగునా, కాదా? ఈ వాదమునకే దినములు గడచుచుండును. చేప మాత్రము ఆలోపల మంజీర దాటి గోదావరి చేరును. రైతు పంట పోయినచో ఎండిన దంట్లైనను చూపవచ్చును. మనపంట పోయినచో చూపుటకు నిండుచెరువు మాత్ర మున్నది. వచ్చిన యధికారి "నీరు బాగుగానే యున్నదే" యని మెచ్చుకొనిపోవును.

ఇప్పుడు సముద్రపుగట్టునకు పోదము. మేము కాకినాడజిల్లా ఉప్పాడకు పోయి చూచివచ్చితిమి. జాందానీ చీరల నేతకు పేరుపొందిన ఊరు. అక్కడి మత్స్యకారులు మనకు కులముచే వేఱు, వలచే ఒకటి. మమ్ము గట్టున నిలువబెట్టి నీటివైపు చేయిచాచి, "అక్కడ మా తాతల ఇండ్లుండెడివి" అని చూపిరి. చూపినచోట అలలు తప్ప మఱేమియు లేవు. 2010 ప్రాంతమున అక్కడ జియోట్యూబులను గట్టు వేసిరి. అనగా గట్టి నారవస్త్రముతో కుట్టిన ఇంటియంత గొట్టములలో ఇసుక నింపి తీరమున పఱచిరి. కొంతకాలము కాచినది. పిదప తుపానులు వానిని చీల్చినవి. కాకినాడకు పోవు తీరపుబాట ఎన్నిసార్లు తెగెనో, ఎన్నిసార్లు వేసిరో. 2025 అక్టోబరు 28న మోంథా తుపాను తీరము దాటినపుడును ఆ బాట దెబ్బతినినది. అల తగ్గగనే బండరాళ్ల లారీలు వచ్చును, బాట పడును, మరల అల వచ్చును. జాతీయ తీరపరిశోధన కేంద్రమువారు 1990 నుండి 2018 వఱకు కొలిచి, దేశపుతీరములో దాదాపు మూడవవంతు కోతకు లోనైనదని తేల్చిరి గనుక, ఉప్పాడ యొక్కదాని కర్మమని తలంపరాదు.

ఆ కోతకు కారణము లేమని యడిగితిమి. రేవులగోడలు తీరమువెంట నడచు ఇసుకను అడ్డగించుట యొకటి. తుపానులు, సముద్రపుమట్టము పెరుగుట మఱియొకటి. గోదావరి తెచ్చు ఒండ్రు తగ్గిపోవుట మూడవది. ఈ మూడవది విన్నపుడు మేము కొంత సిగ్గుపడితిమి. ఏలయనగా ఆ ఒండ్రులో కొంత మనయొద్ద నున్నది. మన వాగులు మంజీరలో కలియును, మంజీర గోదావరిలో కలియును. 1931లో ముగిసిన నిజాంసాగరు పూడికచే తన మొదటి నిలువశక్తిలో సగమునకు మించి 1970 దశకమునాటికే పోగొట్టుకొన్నది. తరువాత మట్టము పెంచి కొంత తిరిగి సంపాదించిరి. మన జలాశయపు కడుపులో కూర్చున్న యా మన్ను పూర్వము సముద్రమునకు పోయి తీరమును పోషించెడిది. నిజాంసాగరు కట్టరాదని మే మనుటలేదు. దాని నీటితోనే గదా మన జనులు అన్నము తినుచున్నారు! ఇక్కడి పూడికయు అక్కడి కోతయు ఒకే లెక్కలోని రెండుపద్దులని మాత్రము చెప్పుచున్నాము.

ఉప్పాడలోను మనయొద్దను మాకు కనబడిన సామ్యము వేఱొకటి గలదు. ప్రభుత్వపు విపత్తుల పట్టికలో తుపాను కలదు, వరద కలదు, కరవు, భూకంపము, అగ్ని, సునామీ, వడగండ్లు, కొండచరియలు, మేఘవిస్ఫోటము, మిడుతలదండు, కడకు చలిగాలియు కలవు. కోత లేదు. అది విపత్తుగా ప్రకటింపబడలేదు. కావున తుపానుతో కలిసివచ్చిన కోత విపత్తు. తుపాను పోయిన మఱునాటినుండి దినమునకు మూరెడు చొప్పున తినుకోత విపత్తు కాదు. పదునైదవ ఆర్థికసంఘ మీ లోపమును గుర్తించినది. 2021 నుండి 2026 వఱకు కోత నివారణకు 1,500 కోట్లును, కోతచే ఇల్లువాకిలి పోయినవారి పునరావాసమునకు 1,000 కోట్లును ప్రత్యేకించుమనెను. ఇందు సముద్రపుకోతయే కాక నదీకోతయు చేరియున్నదని మనవారు గమనింపవలయును. దేశమంతటికి ఐదేండ్లకు ఆ మొత్తము చాలునా యనిన చాలదు. కాని పద్దు తెఱచిరి. తెఱచిన పద్దులో మన వాగుగట్టులపేరు వ్రాయించుటకు ఎవరైన అడిగిరా? మేము విచారించినంతలో మన సంఘము అడుగలేదు. ఇది మన తప్పు.

ప్రభుత్వపు అత్యవసర సహాయ మెట్లున్నదని మాకు వేసిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. మనుష్యులను నీటినుండి తీయుటలో బాగున్నది. మునుపటికన్న ఎంతో బాగున్నది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టముచే జిల్లా కలెక్టరునకు మంచి యధికారములు కలిగినవి. జాతీయదళము, రాష్ట్రదళము, పడవలు, త్రాళ్లు వచ్చినవి. సెప్టెంబరు 4న ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డిగారు స్వయముగా వచ్చి లింగంపేట మండలమున దెబ్బతిన్న వంతెనను, కామారెడ్డిలో జి.ఆర్. కాలనీని చూచిపోయిరి. పైవాడు వచ్చుట, పైదళము వచ్చుట జరుగుచున్నది. లేనిది క్రిందివాడు.

ఇది ఆక్షేపణ కాదు, తేదీల లెక్క. గ్రామపంచాయతీల పదవీకాలము 2024 ఫిబ్రవరి మొదట ముగిసినది. మరల ఎన్నికలు జరిగినది 2025 డిసెంబరులో. నడుమ ప్రత్యేకాధికారులు. గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను 2020లో రద్దుచేసిరి. గ్రామ రెవెన్యూ సహాయకులను 2023లో వేర్వేఱు శాఖలలోనికి సర్దిరి. వారిలో పూర్వపు నీరటివంశములవారు కొంద ఱుండిరి. గ్రామ పాలనాధికారులకు నియామకపత్రము లిచ్చినది 2025 సెప్టెంబరు 5న, అనగా ముఖ్యమంత్రి మన జిల్లాకు వచ్చిపోయిన మఱునాడు. ఆగస్టు 27 రాత్రి ఈ తేదీల నడుమ ఎక్కడ పడినదో చూడుడు. ఆ రాత్రి మా యూరిలో సర్పంచి లేడు, రెవెన్యూ మనిషి లేడు, నీరటి లేడు. పోచారమునకు ఇంజనీరులు కాపలా యుండిరి. మా చెరువునకు కాపలా యున్నది లాంతరుపట్టిన మనవాడు.

చెరువులు మనసీమలో ఒంటరిగా నుండవు. ఎగువకుంట మత్తడి దిగువచెరువు నోటిలో పడును. ఒకటి తెగినచో ఆ నీటిబరువు తరువాతిదానిపై పడును. 1908లో మూసీని ముంచినదియు ఈ గొలుసే. ఎగువయూరివాడు దిగువయూరివానికి ముందుగా చెప్పుటయే ఈ గొలుసునకు ప్రాణము. పూర్వము నీరటి ఆ పని చేసెడివాడు. ఇప్పుడు హైదరాబాదునుండి జిల్లా మొత్తమునకు హెచ్చరిక వచ్చును, ప్రక్కయూరినుండి రాదు. చెరువుల పునరుద్ధరణకై పెట్టిన మిషన్ కాకతీయ 2015 మార్చి 12న మన సదాశివనగరులోనే మొదలైనదని గర్వముగా చెప్పుకొందుము. పూడిక తీసిరి, కట్టలు పెంచిరి, మేలే జరిగినది. మా యూరిలో మాత్రము కట్ట పెరిగినది గాని మత్తడి వెడల్పు మా తాతలనాటిదే. ఎక్కువ నీటిని ఆపుకొని, వెనుకటి వాకిటినుండియే పంపుమనుట యది.

ఒక చేదుమాట. నీరు పోవు ఒఱ్ఱెలలో, చెరువుశికములలో ఇండ్లస్థలములు కొనినవారు ఈ సభలోను గలరు. అమ్మినవారును గలరు. శికము మన వృత్తికి తల్లి. దానిని గజములలెక్కన కొలుచుటకు టేపుపట్టినవారిలో మనబిడ్డ లున్నారు. వరదకు ప్రభుత్వమును నిలదీయబోవు ప్రతినిధివర్గములో అట్టివారు కూర్చుండరాదని మేము నిన్న విషయనిర్ణయసభలో అంటిమి. కొందఱు నొచ్చుకొనిరి. ఆ మాట ఉపసంహరించుకొనము.

సంఘనిధి విషయము చెప్పి ముగించెదము. కల్యాణమండపమునకై పోగైన ద్రవ్యములో నాలుగవవంతు తీసి, చెరువున్న ప్రతిగ్రామమునకు 200 ఖాళీబస్తాలు, రెండు పొడుగాటి నైలాన్ త్రాళ్లు, పది ప్రాణరక్షక చొక్కాలు, ఒక పెద్ద బ్యాటరీదీపము కొనియియ్యవలెనని మా ప్రతిపాదన. మండపము ఒక యేడాది ఆలస్యమగును. ఆ రాత్రి కామారెడ్డి వాడలలో, వాగుగట్టుల వెంబడి తెప్పలతో దిగి జనులను దాటించిన మన పిల్లలకు ఒంటిమీద బనియను తప్ప మఱేమియు లేదు. వారిలో ఎందఱకు మత్స్యకారుల ప్రమాదబీమా నమోదైనదో విచారింపగా సగముమందికి ఆ బీమా ఉన్నదనియే తెలియదు. ప్రధానమంత్రి మత్స్యసంపద పథకము క్రింద ప్రాణము పోయినచో ఐదులక్షలిచ్చు బీమా యది; నమోదు కానిచో కాసైనను రాదు. ప్రభుత్వము స్వచ్ఛందసేవకులకు శిక్షణయిచ్చు ఆపదమిత్ర పథకము 2016 నుండి కలదు; మనవారిని అందు చేర్పించుమని కలెక్టరుగారికి విన్నపము వ్రాసి సిద్ధముగా నుంచితిమి. నమోదు కాగితములు ద్వారముకడ బల్లపై నున్నవి. ఆధారుకార్డు నకలు తెచ్చినవారు భోజనమునకు పోవుటకు ముందే నింపియియ్యవచ్చును.

మండపద్రవ్యము మాట రేపు ఉదయము పదిగంటలకు తీర్మానరూపమున సభయెదుటికి వచ్చును. ఎదిరించువారు తప్పక ఎదిరింపవచ్చును; వారి కారణములును బలమైనవే, ఆడపిల్లల పెండ్లిండ్లకు కిరాయిమండపముల యద్దె మాకును తెలియును. వోటు వేయుటకు ముందు మాత్రము ఒక సంగతి తెలిసికొనుడు. మా యూరి మత్తడిభుజమున ఆ రాత్రి పేర్చిన ఎరువులసంచు లిప్పటికిని అట్లే యున్నవి. ఎండకు పిగిలి ఇసుక కారుచున్నది. కొలతలు తీసికొనిపోయిరి; అంచనా వేసిరి; పని యింకను మొదలుకాలేదు. మృగశిరకార్తె జూనులో ప్రవేశించును.